ఈల ఊదితే మరుగుదొడ్డి తలుపు తెరుచుకోదు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో నల్లరేగడి నేలల ఊరు. నేను వార్డు మెంబరుగా గెలిచి ఏడాది దాటింది. మా వార్డులో 64 ఇళ్లుంటే 60 ఇళ్లకు మరుగుదొడ్లు ఉన్నాయి. వాడేవాళ్లు సగం మంది కూడా లేరు. కొన్నిట్లో కట్టెలు పేర్చారు, కొన్నిట్లో మేకల మేత పెట్టుకున్నారు. తెల్లారకముందే మగవాళ్లు చెరువుగట్టుకు, ఆడవాళ్లు సర్కారు తుమ్మల చాటుకు వెళ్తారు. వచ్చే సోమవారం నుంచి పొద్దున నాలుగింటికే టీములు పెట్టి ఈలలు ఊదాలని, ఫొటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని, అప్పటికీ వినకపోతే రేషన్, పింఛను ఆపుతామని చెప్పాలని మీటింగులో అనుకున్నారు. ఆడవాళ్ల టీముకు నన్ను ముందుండమన్నారు. మా మామయ్యగారు కూడా గట్టుకే వెళ్తారు. కోడలిని, ఆయనతో ఈ మాట ఎత్తలేను. మంచి పనికే కదా, కాస్త గట్టిగా ఉంటే తప్పేముంది అని అందరూ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక వార్డు సభ్యురాలు

సమాధానం:

అమ్మా, ముందు సోమవారం సంగతి. ఆ ఈల మీరు పట్టుకోవద్దు. ఫొటోలు తీసే చోట మీరు నిలబడవద్దు. ఎందుకో చెబుతాను, దాని బదులు ఏం చేయవచ్చో కూడా చెబుతాను.

పారిశుధ్యం పనుల మీద ఊళ్లు తిరిగిన రోజుల్లో నేనూ అలాంటి టీములో ఉన్నాను. చలికాలం, నాలుగున్నర అయి ఉంటుంది. రోడ్డు వారగా చీకట్లో ఎవరో కూర్చున్నట్టు కనిపిస్తే మాలో ఒకతను టార్చి వేసి ఈల ఊదాడు. డెబ్భై ఏళ్ల ముసలమ్మ. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది, లేవలేకపోయింది. కాలు తగిలి చెంబు ఒరిగింది, నీళ్లన్నీ మట్టిలో ఇంకిపోయాయి. కొంగు ముఖం మీదికి లాక్కుంది గానీ లైటు తీయమని కూడా అనలేదు. ఇక కడుక్కోవడానికి ఆమె దగ్గర నీళ్లు లేవు. మేం అయిదుగురం నిలబడి చూస్తున్నాం.

ఆ ఊళ్లో పది రోజులు ఈలలు ఊదాం. పదకొండో రోజు గట్టు ఖాళీగా ఉంది. పని అయిందని రిపోర్టు రాశాం. నెల తిరిగాక వేరే పని మీద వెళ్తే తెలిసింది, జనం గట్టు వదిలి రైలు పట్టాల అవతలికి మారారని. మూడున్నరకే లేచి వెళ్తున్నారు. ఆ ముసలమ్మ అయితే పొద్దున బయటికి వెళ్లే అవసరం పడకూడదని రాత్రి అన్నం మానేసిందట. ఆ మాట వాళ్ల కోడలు చెప్పింది. వాళ్ల ఇంటి వెనక మరుగుదొడ్డి ఉంది. దానికి తలుపు లేదు. కట్టినాయన బిల్లు తీసుకుని తలుపు పెట్టకుండానే వెళ్లిపోయాడు. పది రోజులు ఈల ఊదిన మాలో ఒక్కరం కూడా ఆ గడప తొక్కి, ఎందుకు వాడటం లేదమ్మా అని అడగలేదు.

కాస్త గట్టిగా ఉంటే తప్పేముంది అన్న ప్రశ్నకు నా సమాధానం ఆమే. భయపెడితే మనిషి చోటు మారుస్తాడు, వేళ మారుస్తాడు. అలవాటు మారదు. పైగా రేపు మీరు నిజంగా సాయం చేద్దామని వెళ్లినా మీ మాట వినడానికి ఆ ఇంట్లో ఎవరూ ముందుకు రారు.

రేషన్ సంగతి వేరే చెప్పాలి. అది మనం దయతో ఇచ్చేది కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద వచ్చే హక్కు, అందులో మరుగుదొడ్డి షరతు ఎక్కడా లేదు. ముసలివాళ్ల పింఛనూ అంతే. ఆపుతామని బెదిరిస్తే నిజంగా భయపడేది ఎవరో ఆలోచించండి. రెండెకరాల మాగాణి ఉన్న ఆసామి భయపడడు. పింఛను డబ్బుతో మందులు కొనుక్కునే ఒంటరి ఆడమనిషి భయపడుతుంది. చాలాసార్లు మరుగుదొడ్డి సరిగా లేనిదీ, అసలు లేనిదీ ఆమెకే.

ఇంకో మాట చెప్పడం కష్టంగానే ఉంది, కానీ మీటింగులో ఉన్నవాళ్లకు తెలియాలి. 2019 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని శివపురి జిల్లా భావ్‌ఖేడీ గ్రామంలో బయట మలవిసర్జనకు కూర్చున్నారని ఇద్దరు దళిత పిల్లల్ని కొట్టి చంపారు. వాళ్ల ఇంట్లో మరుగుదొడ్డి లేదు. ఈలకూ ఆ కర్రకూ చాలా దూరం ఉందని మీవాళ్లు అనవచ్చు. బయట కూర్చున్న మనిషిని అవమానించడానికి ఊరంతటికీ అనుమతి ఇచ్చాక, ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పే అధికారం మన చేతిలో ఉండదు. ఫొటో ఒకసారి గ్రూపులోకి వెళ్తే వెనక్కి రాదు. అందులో ఉన్నది పెళ్లి కావాల్సిన పిల్ల అయితే ఆ ఇంటికి మీరు ఏం చెబుతారు?

ఈ ఈలల పద్ధతి ఎక్కడినుంచో ఊడిపడలేదు. 2000 ప్రాంతంలో బంగ్లాదేశ్‌లో కమల్ కార్ అనే ఆయన ఊరివాళ్లనే కూర్చోబెట్టి, నేల మీద ఊరి పటం గీయించి, ఎవరెక్కడికి వెళ్తున్నారో వాళ్ల చేతే గుర్తు పెట్టించే పద్ధతి తెచ్చారు. జనం తమ ఊరిని తామే చూసుకోవడం అందులో మంచి భాగం. ఆ పద్ధతిలో సిగ్గుపడేలా చేయడం కూడా ఉంది. టార్గెట్లు, తేదీలు ఉన్న చోటికి వచ్చేసరికి పటం గీసే ఓపిక ఎవరికీ లేకపోయింది, సిగ్గుపరచడం మాత్రం మిగిలింది. నన్నడిగితే మీరు పటం తీసుకోండి, ఈల వదిలేయండి.

మరుగుదొడ్డి ఉండీ వాడకపోవడం మీ ఊరి ఒక్కదాని సమస్య కాదు. 2014లో ఉత్తరాది రాష్ట్రాలు అయిదింటిలో ఒక పెద్ద సర్వే జరిగింది. పనిచేసే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కూడా 40 శాతానికి పైగా ఇళ్లలో కనీసం ఒకరు బయటికే వెళ్తున్నారని తేలింది. అదే ఏడాది అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది, ఇంటికి 12 వేల రూపాయల ప్రోత్సాహకం వచ్చింది. దానితో మార్పు రాలేదని అనను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో బయటికి వెళ్లే కుటుంబాలు 2015-16లో 39 శాతం ఉంటే 2019-21 నాటికి 19 శాతానికి తగ్గాయి. కానీ గోడలు కట్టడానికి లెక్క ఉంది, బిల్లు ఉంది. కట్టినదాన్ని ఇంట్లో ప్రతి మనిషీ వాడేలా మాట్లాడటానికి ఏ బిల్లూ లేదు. ఆ పని మీలాంటివాళ్ల మీద పడింది.

అందుకని సాయంత్రం పూట, పొయ్యి వెలిగించే వేళకు ముందు, రోజుకు మూడు నాలుగు ఇళ్లకు వెళ్లండి. ఒక నోటుబుక్కు పట్టుకోండి. "ఎందుకు వాడటం లేదు?" అని అడగకండి, అది నేరం మోపినట్టు ఉంటుంది. "మీ దొడ్డి ఎలా ఉందక్కా, ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగి ఊరుకోండి. ఒక్కసారి చూపిస్తారా అనండి. తలుపు తీశాక సగం జవాబు మీకే కనిపిస్తుంది. గడియ ఊడి ఉంటుంది. పైన రేకు లేచిపోయి ఉంటుంది. బేసిన్‌లో సిమెంటు గడ్డకట్టి ఉంటుంది. కొన్నిచోట్ల లోపల మనిషి కూర్చుంటే మోకాళ్లు గోడకు తగులుతాయి. అలాంటి ఇళ్లకు నచ్చజెప్పేది ఏమీ లేదు, బాగుచేయించాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నిబంధన పెట్టారు. ఆ డబ్బు దేనికి ఖర్చయింది, ఇంకా ఏమైనా ఉందా అని మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. మెంబరుగా అది మీ హక్కు. ముందు నాలుగు ఇళ్లకు తలుపులు పెట్టించండి. అది చూశాక అయిదో ఇంటివాళ్లు మీరు చెప్పేది వింటారు.

ఏ లోపమూ లేని దొడ్డిలోనూ కట్టెలు పెట్టుకున్నవాళ్లు ఉంటారు. అసలు పని వాళ్ల దగ్గరే. చాలా ఇళ్లలో పైకి చెప్పే కారణం ఒకటి, లోపల ఉన్న భయం ఒకటి. పొలం వైపు వెళ్తే హాయిగా ఉంటుందంటారు, గాలి తగులుతుందంటారు. ఇంకాస్త కూర్చుంటే, మంచినీళ్లు తాగాక, మెల్లగా బయటికి వస్తుంది: "గుంత నిండితే ఎవరు తీస్తారమ్మా?"

ఈ ప్రశ్నను చిన్నగా తీసిపారేయకండి. దాని వెనక ఉన్నది కులం. మలం తీసే పనిని తరాల తరబడి కొన్ని కులాల నెత్తిన రుద్దాం. ఇప్పుడు ఆ పనికి రమ్మంటే ఎవరూ రారు, రాకూడదు కూడా. ఈ పనిని నిషేధిస్తూ 2013లోనే వచ్చిన వేరే చట్టం ప్రకారం పూర్తిగా కుళ్లని మలాన్ని మనుషుల చేత తీయించడం నేరం. తమ చేత్తో తీసుకోవడం తలవంపు అనుకుంటారు. దాంతో గుంత నిండకుండా ఉండాలంటే వాడకపోవడమే మేలని లెక్క వేసుకుంటారు. లేదంటే పదడుగుల లోతు ట్యాంకు కడితేనే వాడతామంటారు. అంత డబ్బు ఎప్పటికీ సమకూరదు, ఆ రోజు ఎప్పటికీ రాదు.

ఆ భయానికి ఉపన్యాసం పనిచేయదు, లెక్క పనిచేస్తుంది. వీధిలో నలుగురు ఉన్నప్పుడు ముగ్గుపిండితో మీటరు వెడల్పు సున్నా గీయండి. లోతు కూడా మీటరే అనుకోండి. అందులో దాదాపు 785 లీటర్లు పడతాయి, అంటే 15 లీటర్ల బిందెలు 52. మలంలో ముప్పాతిక భాగం నీరే. ఆ నీరూ, కడిగిన నీళ్లూ వరల సందుల్లోంచి మట్టిలోకి ఇంకిపోతాయి. మిగిలేది ఒక మనిషికి ఏడాదికి సుమారు 40 నుంచి 50 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి 15 బిందెలు. 52 బిందెల గుంతకు మూడేళ్లు దాటి పడుతుంది. ఈ లెక్క మీరు చెప్పకండి, వాళ్ల చేతే వేయించండి. బిందెలు లెక్కపెట్టడం ఆడవాళ్లకు వచ్చినంత బాగా ఇంజనీర్లకు రాదు.

అప్పుడు రెండో గుంత సంగతి ఎత్తండి. మొదటిది నిండగానే, దొడ్డికీ గుంతలకూ మధ్య ఉండే చాంబర్‌లో దారి మార్చి రెండోదాన్ని వాడుకోవాలి. మొదటిది మూసేసి ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు కదపకుండా వదిలేయాలి. ఈలోగా అందులో ఉన్నది మట్టిలా మారిపోతుంది. చాలాచోట్ల మేస్త్రులు చేసే తప్పు ఒకటుంది. మొదటి గుంత పొంగితే రెండో గుంతలోకి పోయేలా రెండింటినీ పైపుతో కలిపేస్తారు. అలా చేస్తే రెండూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి, ఏదీ ఎండదు. దొడ్డి నుంచి వచ్చే పైపు చాంబర్‌లో రెండు దారులుగా చీలాలి, ఒకదాన్ని ఇటుకతో మూసి ఉంచాలి. మీ వార్డులో ఉన్నవి ఎలా కట్టారో చాంబర్ మూత ఎత్తి మీరే చూడండి. మీది నల్లరేగడి కాబట్టి ఇంకో జాగ్రత్త: ఆ మట్టి నీటిని త్వరగా పీల్చదు. గుంత కాస్త పెద్దదిగా తవ్వి, వరల చుట్టూ అడుగు మందాన ఇసుక, కంకర పోయించాలి. అది చేయక వానాకాలంలో గుంతలు పొంగి, ఆ కంపుకు విసిగి మానేసిన ఇళ్లు నేను చూశాను. వాళ్లను అలవాటు మార్చుకోలేని మొండివాళ్లని అనడం అన్యాయం.

ఎన్ని లెక్కలు చెప్పినా కంటితో చూసినదానికి సాటి రాదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో, అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించారు. అంతటి అధికారి చేయిపెట్టాడన్నది ఒక విశేషమైతే, అది తెలుగు పల్లెలో జరిగిందన్నది మీవాళ్లకు చెప్పుకోదగ్గ విశేషం. మీ మండలంలో రెండేళ్లకు పైగా మూసి ఉంచిన గుంత ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ ఇంటివాళ్లను ఒప్పించి, మీ వీధి నుంచి ఒక పదిమందిని తీసుకెళ్లి వాళ్ల ముందు తెరిపించండి. తీసేది ఆ ఇంటివాళ్లే అయి ఉండాలి, లేదా మీరు, నేను లాంటివాళ్లు. డబ్బులిచ్చి ఫలానా కులం మనిషిని పిలిపించారంటే ఆ రోజు చేసినదంతా వృథా.

నేను ఒకసారి అలా తెరిపించినప్పుడు గట్టున నిలబడ్డ ఒక పెద్దాయన చాలాసేపు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకునే ఉన్నాడు. పారతో నాలుగు గంపలు పైకి వేశాక వాసన రావడం లేదని ఆయనకే అర్థమై కండువా దించాడు. వంగి పిడికెడు తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపితే కాఫీపొడిలా రాలింది. "చెరువు మట్టి లాగుందే," అన్నాడు. ఆ రోజు అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. వారం తర్వాత, రెండో గుంతకు వరలు ఎంతవుతాయని మేస్త్రిని అడిగాడట.

ఒక హెచ్చరిక. ఇదంతా అడుగున మట్టి ఉండే ఇంకుడు గుంతల సంగతి. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరినీ, ఏ కారణంతోనూ దిగనివ్వకండి. విషవాయువులతో ప్రాణాలు పోతాయి. దానికి బండి పిలిపించాల్సిందే.

నీళ్ల సంగతి త్వరగా చెబుతాను. వాలు ఎక్కువగా ఉండే పల్లె బేసిన్‌కు రెండు లీటర్లు పోస్తే చాలు, షాపులో నున్నగా కనిపించే రకానికి అంతకు రెండు మూడింతలు కావాలి. ఆ నీళ్లు మోసేది ఆడవాళ్లే. ఇంట్లో అందరూ దొడ్డి వాడాలని ఏ కోడలు గట్టిగా అడుగుతుంది, రోజుకు ఇంకో నాలుగు బిందెలు తన నడుము మీదే పడతాయని తెలిసి? దొడ్డి దగ్గర డ్రమ్ము నింపే పని మగవాళ్లదేనని ముందే మాట తీసుకోండి. పసిపిల్లల మలం ఏం చేయదులే అని పెంటమీద పారేస్తారు. దాన్ని కూడా దొడ్డిలోనే పోయాలని అంగన్‌వాడీ టీచర్ చేత చెప్పించండి.

ఇన్నేళ్లుగా గోడల మీద మనం రాసిన నినాదాల్లో ఒకటి నాకు నచ్చదు, ఆడవాళ్ల మర్యాద కోసం మరుగుదొడ్డి అన్నది. అది చదివి చదివి మగవాళ్లు దొడ్డి ఆడవాళ్ల వస్తువు అనే నమ్మారు. కట్టించాం, వాళ్లు వాడుకుంటారు, మనకెందుకు అని చెంబు పట్టుకుని గట్టుకు బయల్దేరుతున్నారు. గట్టు మీద మగవాడు కూర్చున్నా, ఆడది కూర్చున్నా వానకు కొట్టుకొచ్చేది అదే చెరువులోకి. మగవాళ్లకు గట్టు అంటే కేవలం ఆ పని కాదన్నది కూడా గమనించండి. నలుగురు కలుస్తారు, బీడీ కాలుస్తారు, నీళ్లెవరికి వదిలారో, ఎవరి చేలో తెగులు పట్టిందో మాట్లాడుకుంటారు. దాన్ని తీసేయాలని చూస్తే గొడవే. పని ఇంట్లో కానిచ్చుకుని, చేతులు కడుక్కుని, తర్వాత హాయిగా గట్టుకు వెళ్లమనండి. కబుర్లు ఎక్కడికీ పోవు.

ఇక మీ మామయ్యగారు. మీరు ఆయనతో ఈ మాట ఎత్తలేనన్నారు, ఎత్తనక్కర్లేదు. మనవడి చేత అనిపించవద్దు కూడా. చిన్నపిల్లల చేత పెద్దల్ని ఎత్తిపొడిపించే పని నాకు ఈల ఊదడంతో సమానమే అనిపిస్తుంది. ఆయన ఈడువాళ్లలో ఇంట్లో దొడ్డి వాడే పెద్దమనిషి ఒకరు మీ వీధిలో ఉండకపోరు. మీ అత్తయ్యగారి ద్వారానో, మీ ఆయన ద్వారానో ఆ పెద్దాయనకు చెప్పించండి. ఒక ఈడు మగవాళ్లు ఒకరి మోకాళ్ల నొప్పుల గురించి ఒకరు మాట్లాడుకోవడానికి సిగ్గుపడరు.

సోమవారానికి ముందే మీటింగువాళ్లతో మాట్లాడండి. నేను చేయను అని మాత్రం చెప్పి రాకండి. ఆరు నెలల గడువు అడగండి. నెలనెలా ఎన్ని దొడ్లున్నాయో కాదు, ఎంతమంది మనుషులు వాడుతున్నారో ఇంటింటి లెక్క నేనిస్తాను అనండి. ఆ నోటుబుక్కు బల్ల మీద పెట్టండి. దొడ్డి లేని ఆ నాలుగు ఇళ్ల పేర్లు మొదటి పేజీలో రాసి, ముందు వీటికి మంజూరు చేయించండి అనండి. అధికారులకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది, చేతిలో కాగితం ఉంటే వాళ్లకూ చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఆరు నెలల్లో అందరూ మారతారని నేను మాట ఇవ్వలేను. కొందరు మారరు. వాళ్లింటికి ఏడో నెలలో కూడా వెళ్లి కూర్చోండి. అందరికీ దొడ్డి అమరాక, చెరువుగట్టు, బడి ఆవరణ శుభ్రంగా ఉంచుకుందామని ఊరంతా కూర్చుని తీర్మానం చేసుకుంటే అది వేరు. అందులో ఎవరినీ వేలెత్తి చూపించడం ఉండదు.

మీ ఇంటి దొడ్డి విషయంలో మాత్రం ఈ వారమే ఒక పని చేయించండి. లోపల బల్బు పెట్టించండి. కూర్చుంటే కుడిచేతికి అందే ఎత్తులో గోడకు ఒక ఇనుప పైపు బిగించమనండి, మీ మామయ్యగారు పట్టుకుని లేవడానికి. మేస్త్రికి గంట పని. ఎందుకని ఆయన అడిగితే, అత్తయ్యగారి కోసం అని చెప్పండి.